కళ్ళు ఆర్పండి

కళ్ళు ఆర్పండి, అంటాది ఫోను.
తొమ్మిది కాకముందే
బైరెడ్డిపల్లె సబ్‌సెంటరు మెట్లమీద నిలబడి
దానికేసి చూసి ఆర్పుతాను.
ముఖం సరిపోలలేదు, అంటాది.
మళ్ళీ ప్రయత్నించండి, అంటాది.

మూడేళ్ళనాటి ఫోటో అందులో ఉన్నది.
అప్పుడు కళ్ళకింద ఈ చారలు లేవు.
అప్పుడు రాత్రి అని ఒకటుండేది,
అందులో నిద్రపోయేదాన్ని.
కొంగు తడిపి మొహం తుడుచుకుంటాను,
చింతనీడ వదిలి ఎండలోకి జరుగుతాను.
టమాటా బాక్సుల ట్రాక్టరాయన
"సెల్ఫీనా సిస్టరమ్మా" అని నవ్విపోతాడు.
ఏడోసారికి ఒప్పుకుంటాది
నేను నేనేనని.

భుజాన టీకాల డబ్బా, ఐసు కరిగేలోపల నాలుగూళ్ళు.
సంచిలో బీపీ మిషను, సూదులు, ఇనుము మాత్రలు,
రెండు ఫోన్లు, ఒక పవర్‌బ్యాంకు,
అన్నిటికీ అడుగున అట్ట ఊడిన పాత రిజిస్టరు.
యాప్ వచ్చింది, పుస్తకంతో పనిలేదన్నారు మీటింగులో.
పుస్తకం ఏదీ అన్నారు తనిఖీలో.
అందుకే నా లెక్కలో ప్రతి బిడ్డా మూడుసార్లు పుడతాది:
ఆస్పత్రిలో, కాగితంమీద,
సర్వరు లేచినప్పుడు ఇంకోసారి.

రెడ్డిరాణికి ఐదోనెల.
పట్టుపురుగుల షెడ్డులో మల్బరీ ఆకు పరుస్తానే
ఎడమచెయ్యి నాకిచ్చింది.
రక్తం ఎనిమిదిన్నర. గోళ్ళు సున్నం మాదిరి.
పేరెక్కిద్దామంటే ఓటీపీ కావాల.
అది మొగుడి నంబరుకు పోయింది.
మొగుడు టమాటా లారీతో కోయంబేడు పోయినాడు.
రాత్రంతా నడిపి అప్పుడే కునుకు పట్టిన మనిషి
"నాలుగు... ఏడు... ఉండక్కా" అని
మిగతా అంకెలు గురకలో చెప్పినాడు.
గడువు ముగిసింది.
నాకు కోపం రాలేదు,
ఆ గురక విని కుళ్ళుకున్నాను.

అబద్ధమెందుకు, ఫోను మంచిదే.
ఆషాఢంలో, కరెంటు లేని రాత్రి,
ఏనుగులు దిగినాయని
108 బండి అడవిదారి మొగదలనే ఆగిపోతే
పలమనేరు డాక్టరమ్మ గొంతు ఈ ఫోన్లోంచే
"భయపడకు, తల కనిపిస్తా ఉందా" అని అడిగింది.
టార్చి వెలుతుర్లో బిడ్డ ఏడ్చింది.
తెల్లారేసరికి చార్జింగు చచ్చింది.
హాజరు పడలేదు.
ఆ రోజు నేను పనికి రానట్టు లెక్క.

రాత్రి పది దాటినాక
నీళ్ళట్యాంకు ఆరో మెట్టుమీద కూర్చుంటాను.
అక్కడైతే రెండు గీతల సిగ్నలు.
ఒక్కోసారి అది అవతలి టవరుది,
ఫోను కన్నడంలో నాకు స్వాగతం చెప్తాది.
చక్రం తిరుగుతాది, తిరుగుతానే ఉంటాది.
కింద ఊరు సంగటి తిని పడుకుంది.
గ్రూపులో ఎర్రరంగు పట్టిక వచ్చింది,
మా సెంటరు కిందనుంచి రెండోది.
ఎవరో దండం బొమ్మ పెట్టినారు.
మా ఆయన అంటాడు,
నిద్రలో నా బొటనవేలు కదులుతాదంట,
దుప్పటిమీద దేన్నో పైకి జరుపుతా.

నిన్న అక్కులమ్మ ఇంటికి పోయినాను.
సుగరు మనిషి. రెండు కండ్లకూ పొరలు.
బండికి స్టాండు వేసిన సప్పుడుకే
"వచ్చినావా మే" అన్నది.
సూది గుచ్చబోతే ఆ చేతినే తడిమి
చెంపదాకా పాకించి,
"ఏందిమే ఇంత చిక్కినావు, నిద్రపోతావా లేదా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర గడి లేదు.
అవునా, కాదా, వర్తించదా,
ఏది నొక్కాలో తెలీక నిలబడినాను.

చేట పక్కకు లాగి చోటిచ్చింది.
అలికిన నేలమీద ఒరిగినాను, ఐదు నిమిషాలనుకొని.
సంచిలో ఫోను గుర్రుమంటా ఉంది,
పురుగు ఆకు కొరికినట్టు.
కొంగుతో ఈగలు తోల్తా
"కండ్లు మూసుకోమే" అన్నది.

ఇంకా రెండూళ్ళు ఉన్నాయి.
మూసుకున్నాను.